నూట పది, రెండు వందల ముప్ఫై

1998 డిసెంబరులో మేం ఇండియా వెళ్ళినప్పటి మాట. సూట్‌కేసుల్లో ఏమేం పట్టుకెళ్ళామో మీకు వేరే చెప్పక్కర్లేదు. బాదంపప్పులు, చాక్లెట్లు, సెంటు సీసాలు, విటమిన్ బిళ్ళల డబ్బాలు. వీటి మధ్య రెండు తువ్వాళ్ళు చుట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టుకున్న వస్తువు ఒకటుంది: నెబ్యులైజరు. మా అమ్మకి ఉబ్బసం. తెనాలిలో ధనుర్మాసపు మంచు, నూర్పిళ్ళ దుమ్ము కలిసే రోజుల్లో ఆవిడ రాత్రిళ్ళు పడుకోలేదు, దిండ్లకి ఆనుకుని కూర్చుంటుంది. "ఇక ఆస్పత్రికి పరుగెత్తక్కర్లేదమ్మా, ఆస్పత్రినే నీ మంచం పక్కకి తెచ్చాను" అని కాస్త గొప్పగానే చెప్పాను.

మేం వెళ్ళిన నాలుగో రాత్రి రెండు గంటలప్పుడు ఆయాసం వచ్చింది. మందు పోశాను. చపటా పిన్నులున్న మన అమెరికా ప్లగ్గుని, విమానాశ్రయంలో కొన్న అడాప్టరుకి తగిలించి, గుండ్రటి కన్నాల్లో గుచ్చి స్విచ్చి వేశాను. యంత్రం పులిలా గర్జించింది. "బాగా బలంగా ఉందే" అనుకున్నాను కూడా, సిగ్గుచేటు! ఒక్క నిమిషం. తరువాత కాలిన వార్నిషు వాసన, సన్నటి పొగ, నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అమ్మ ఊపిరి పిల్లనగ్రోవిలా వినిపిస్తోంది. నాన్నగారు పక్కింటి వాళ్ళని లేపి ఆటో తెప్పించారు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. తెల్లవారేసరికి గండం గడిచింది.

మర్నాడు ఆ యంత్రాన్ని పట్టుకుని వీధి చివర మోటార్లకి వైండింగు చేసే కుర్రాడి దగ్గరకి వెళ్ళాను. పదో తరగతి తప్పాడట. మూత ఊడదీయకుండానే వెనక్కి తిప్పి చూసి, "అన్నగారూ, ఇది నూటపదిదండీ. ఇక్కడ రాసుందిగా, చూళ్ళేదా?" అన్నాడు. నేను చదివింది సివిల్ ఇంజనీరింగు, చేసేది కంప్యూటరు ఉద్యోగం. అయినా రెండు డిగ్రీలున్నవాణ్ణి. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేకపోయింది.

తిరిగి వచ్చాక నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. భూమ్మీద అందరికీ కిలో ఒకటే, గంట ఒకటే. కరెంటు మాత్రం ఆ దేశంలో ఒకటి, ఈ దేశంలో ఒకటి ఎందుకయింది? ఎవరు, ఎప్పుడు, ఏం ఆలోచించి అలా పెట్టారు? లైబ్రరీలో పుస్తకాలు తెచ్చుకుని చదవడం మొదలెట్టాను. చదివిన కొద్దీ తెలిసిందేమిటంటే, ఎవరూ అంత దూరం ఆలోచించలేదు.

కథ న్యూయార్క్‌లో మొదలవుతుంది. 1882 సెప్టెంబరు 4న థామస్ ఎడిసన్ పెర్ల్ స్ట్రీట్‌లో తన విద్యుత్ కేంద్రాన్ని నడిపించాడు. మొదటిరోజు వెలిగినవి నాలుగు వందల దీపాలు. అక్కడి డైనమోల్ని "జంబో" అనేవారు. అప్పట్లో అమెరికా అంతా వేలంవెర్రిగా చూసిన సర్కస్ ఏనుగు పేరది. ఎడిసన్ బల్బులో బొగ్గు చేసిన సన్నటి పోగు వెలిగేది. ఆ పోగు దాదాపు 100 వోల్టుల దగ్గర బాగా పనిచేస్తుంది. దారిలో తీగల్లో కొంత పోతుంది కాబట్టి కేంద్రం దగ్గర ఇంకో పది కలిపి 110 పంపేవారు. అంతే. మా అమ్మ యంత్రం మీద రాసిన అంకెకి మూలపురుషుడు ఆ బొగ్గు పోగు.

వోల్టేజి అంటే ఇంటి మీది నీళ్ళ ట్యాంకు ఎత్తు లాంటిది. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కొళాయిలో నీళ్ళు అంత జోరుగా వస్తాయి. సన్న గొట్టంలోంచి కూడా కావలసినన్ని నీళ్ళు వస్తాయి. విద్యుత్తులో ఆ గొట్టం రాగితీగ. వోల్టేజి రెట్టింపు చేస్తే అదే శక్తికి కరెంటు సగం చాలు, తీగలో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకి పడిపోతుంది. ఎడిసన్‌కి ఈ సంగతి తెలియక కాదు. ఆయన విద్యుత్తు డి.సి. దాన్ని ఒక చోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ చేసే ఉపాయం అప్పట్లో లేదు. అందుకే కేంద్రం నుంచి ఓ మైలు దాటితే దీపం మందగించేది. రాగి ఖర్చు తగ్గించుకోవడానికి ఆయనే మూడు తీగల పద్ధతి ఒకటి పెట్టాడు: మధ్య తీగకి అటు 110, ఇటు 110, చివరి రెండిటి మధ్య 220. ఆ ఏర్పాటు ఇప్పటికీ మనం కాపురముంటున్న ఇళ్ళల్లో ఉంది. బట్టలారబెట్టే డ్రయ్యరు వెనక పెద్ద ప్లగ్గు ఉంటుంది చూడండి, అక్కడ వచ్చేది 240. అంటే మన తెనాలి వోల్టేజి అమెరికా ఇళ్ళల్లోనూ ఉంది, డ్రయ్యరు చాటున దాక్కుని!

డి.సి.కీ ఏ.సి.కీ జరిగిన యుద్ధం మీరు ఎక్కడో చదివే ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. జార్జ్ వెస్టింగ్‌హౌస్, నికోలా టెస్లా ఏ.సి. పక్షం. ఏ.సి.ని ట్రాన్స్‌ఫార్మరుతో పెంచి దూరం పంపొచ్చు, ఇంటి దగ్గర దింపుకోవచ్చు. 1893 చికాగో ప్రపంచ ప్రదర్శనలో దీపాలు వెలిగించింది ఏ.సి.నే. 1896లో నయాగరా విద్యుత్తు బఫలో ఊరికి చేరింది. యుద్ధంలో ఏ.సి. గెలిచింది. ఓడిన ఎడిసన్ 110 మాత్రం గెలిచినవాడి ఇంట్లోనే ఉండిపోయింది, ఎందుకంటే అప్పటికే జనం దగ్గరున్న బల్బులన్నీ ఆ వోల్టేజికి చేసినవి. ఓడిన డి.సి. కూడా అంత త్వరగా ఊరు విడిచిపోలేదు. మాన్‌హటన్‌లో ఆఖరి డి.సి. సరఫరా ఆపేసింది 2007 నవంబరులో, అంటే 125 ఏళ్ళకి.

ఇక బెర్లిన్ సంగతి. 1899లో అక్కడి విద్యుత్ కంపెనీ లెక్కలు వేసుకుంది. వోల్టేజిని 220కి పెంచితే రాగి ఎంతో మిగులుతుంది. వాడకందార్ల ఇళ్ళల్లో ఉన్న దీపాలూ మోటార్లూ తన ఖర్చుతో మార్చి ఇచ్చినా లాభమే. అలాగే చేసింది. అప్పటికి కరెంటున్న ఇళ్ళు కొద్ది కాబట్టి ఆ లెక్క కుదిరింది. తరువాత ఐరోపాలో మిగతా ఊళ్ళు ఆ దారి పట్టాయి. అమెరికాలో అప్పటికే దీపాలు ఎక్కువ, తరువాత రేడియోలు, ఫ్రిజ్‌లు, ఇస్త్రీపెట్టెలు వచ్చి పడ్డాయి. ముందు వచ్చినవాడికి ఉండే ఇబ్బంది ఇది. ఆలస్యంగా వచ్చినవాడు మెరుగైనది ఎంచుకుంటాడు, ముందు వచ్చినవాడు తను కొన్న సామానుకి కట్టుబడిపోతాడు.

సెకనుకి ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగాలన్నది ఇంకో తగాదా. వెస్టింగ్‌హౌస్ 60 అంది, జర్మనీలో ఏ.ఇ.జి. కంపెనీ 50 అంది. రెండూ మంచి అంకెలే, యాభై అయిదైనా లోకం మునిగిపోయేది కాదు. దక్షిణ కాలిఫోర్నియాలో చాలా భాగం 1948 దాకా 50 మీదే నడిచింది. 60కి మార్చినప్పుడు ఇంటింటి కరెంటు గడియారాలతో పెద్ద తంటా వచ్చింది. ఆ గడియారాలు విద్యుత్తు ఊగడాన్నే లెక్కపెట్టుకుని తిరుగుతాయి. అలాటి అమెరికా గడియారాన్ని మన ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు పెట్టి నడిపినా గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుంది కానీ ఊపుని మార్చలేదు. ఇండియా నుంచి తెచ్చుకున్న రుబ్బే గ్రైండరు ఇక్కడ హడావిడిగా తిరుగుతుందని, పిండి వేడెక్కి దోసెలు పాడవుతున్నాయని మా ఆవిడ చాలా కాలం అనేది. నేను కొట్టిపారేసేవాణ్ణి. లెక్క చూస్తే, యాభైకి చేసిన ఇండక్షన్ మోటారు అరవై మీద అయిదోవంతు వేగం ఎక్కువ తిరుగుతుంది. ఆవిడే కరెక్టు. ఈ వ్యాసం ద్వారా ఒప్పుకుంటున్నాను.

పెళ్ళి కేసెట్ల సంగతి గుర్తుందా? పాతికేళ్ళ క్రితం ఇండియా నుంచి చెల్లెలి పెళ్ళి వీడియో వస్తే ఇక్కడ వి.సి.ఆర్.లో గీతలు తప్ప పెళ్ళి కనపడేది కాదు. పాల్ నుంచి ఎన్.టి.ఎస్.సి.కి మార్పించడానికి కొట్టుకి ఇచ్చి వారం ఆగేవాళ్ళం. ఆ తేడాకీ ఈ 50, 60లకీ చుట్టరికం ఉంది. టెలివిజన్ పుట్టినప్పుడు బొమ్మ కదలకుండా నిలబడాలని దాని వేగాన్ని ఆయా దేశాల కరెంటు ఊపుకి కట్టేశారు. యాభై ఉన్నచోట సెకనుకి 25 బొమ్మలు, అరవై ఉన్నచోట 30.

ఈ గొడవకి అసలు మూల్యం చెల్లించింది జపాన్. 1890ల్లో టోక్యో కంపెనీ జర్మనీ నుంచి 50 జనరేటర్లు తెప్పించుకుంది, ఒసాకా కంపెనీ అమెరికా నుంచి 60వి తెప్పించుకుంది. ఎవరి బేరం వాళ్ళది. దేశం ఈనాటికీ రెండు ముక్కలు. 2011 మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమాతో సహా ఎన్నో కేంద్రాలు ఆగిపోయాయి. పశ్చిమాన కరెంటు ఉంది, కానీ అది అరవైది. దాన్ని యాభైకి మార్చి పంపే కేంద్రాల శక్తి అప్పటికి సుమారు 10 లక్షల కిలోవాట్లే. టోక్యో చుట్టుపక్కల వంతులవారీగా కరెంటు తీసెయ్యాల్సి వచ్చింది. నూట పదిహేనేళ్ళ నాటి కొనుగోలు ఆర్డర్లకి చీకట్లో కూర్చున్నది మునిమనవలు.

మనవైపుకి వద్దాం. 1902లో మైసూరు సంస్థానం కావేరి మీద శివసముద్రం దగ్గర విద్యుత్తు తీసి, 90 మైళ్ళ పైచిలుకు దూరం తీగలు లాగి కోలారు బంగారు గనులకి పంపింది. పరికరాలు ఇచ్చింది అమెరికా జనరల్ ఎలక్ట్రిక్. ఊపు 25, నయాగరాలో మాదిరిగానే. ఆ గనుల్లోకి దిగినవాళ్ళలో తెలుగు కూలీలు ఎందరో ఉన్నారు. మనలో ఒక్కరం న్యూజెర్సీ మొహం చూడకముందే అమెరికా జనరేటరు కరెంటు మనవాళ్ళ పనిచోటికి వచ్చిందన్నమాట. అదే కాలంలో కలకత్తాలో ఇంగ్లీషు కంపెనీ డి.సి. నడిపింది. ఎవరు పెట్టుబడి పెడితే వాళ్ళ పద్ధతి. చివరికి దేశమంతటా కుదురుకున్నది బ్రిటిషు దారి: 50 ఊపు, 230 వోల్టులు.

ప్లగ్గుల కథ ఇంకా చిత్రం. మొదట్లో గోడకి కన్నాలే లేవు. కరెంటు అంటే దీపమే కాబట్టి, ఫ్యానైనా ఇస్త్రీపెట్టెయినా బల్బు తీసేసి ఆ హోల్డరులో తగిలించేవారు. అమెరికాలో 1904లో హార్వీ హబ్బెల్ ఊడదీసే ప్లగ్గుకి పేటెంటు తీసుకున్నాడు. మన ఇప్పటి చపటా పిన్నులు ఆ వంశంవే. బ్రిటన్‌లో గుండ్రటి మూడు పిన్నుల ప్రమాణం 1934లో వచ్చింది. అదే మన దేశంలో స్థిరపడింది. ప్లగ్గు లేకపోతే తీగల చివర్లు ఒలిచి, కన్నాల్లో దూర్చి, అగ్గిపుల్లలు గుచ్చి బిగించడం కూడా మన ప్రమాణమే అనుకోండి!

రెండో యుద్ధం అయ్యాక బ్రిటన్‌లో రాగి కొరత. తీగ ఆదా చెయ్యడానికి ఇల్లంతా ఒకే వలయంగా వైరింగు వేసి, ఫ్యూజుని ప్లగ్గులోనే పెట్టారు. ఆ చదరపు పిన్నుల ప్లగ్గు ప్రమాణం 1947లో వెలువడింది. ఆ ఏడాదే మనకి స్వాతంత్ర్యం వచ్చింది. వాళ్ళు మారారు, మనం మారలేదు. వాళ్ళు వదిలేసిన ప్లగ్గే మనది. అందుకని లండన్‌లో మన ప్లగ్గు దూరదు. దుబాయ్‌లో, కౌలాలంపూర్‌లో ఉన్న మనవాళ్ళ గోడలకీ చదరపు కన్నాలే. దక్షిణాఫ్రికా మాత్రం పాత బ్రిటిషు పెద్ద పిన్నుల్ని ఉంచుకుంది. మన ఇళ్ళల్లో గీజరుకి వాడే లావుపాటి ప్లగ్గు డర్బన్‌లో గోడకి సరిగ్గా సరిపోతుంది.

ప్రపంచానికంతటికీ ఒకే ప్లగ్గు పెడదామని పెద్దలు ప్రయత్నించకపోలేదు. 1906లో పుట్టిన అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఎన్నో చర్చల తరవాత 1986లో ఒక నమూనా ప్రకటించింది. దాన్ని తీసుకున్నవి బ్రెజిల్, దక్షిణాఫ్రికా. మిగతావాళ్ళందరూ బాగుందని మెచ్చుకుని ఎవరి ప్లగ్గు వాళ్ళు పట్టుకుని ఇంటికెళ్ళారు.

దేశాలు తెంచలేని ముడిని విప్పింది ఒక చిన్న నల్ల డబ్బా. పాతకాలపు అడాప్టర్లు ఇటుకంత బరువుండేవి గుర్తుందా? లోపల ఇనుప గుండె మీద రాగిచుట్టలు. అవి ఒకే వోల్టేజికి తయారైనవి, మా అమ్మ యంత్రంలో మోటారులాగే. ఇప్పటి ఛార్జరు పద్ధతి వేరు. వచ్చిన ఏ.సి.ని ముందు డి.సి. చేసేస్తుంది. దాన్ని సెకనుకి కొన్ని పదుల వేలసార్లు ముక్కలు కోస్తుంది. అంత వేగానికి అగ్గిపెట్టెంత ట్రాన్స్‌ఫార్మరు చాలు. బయటకి వచ్చేది ఎక్కువైతే కోత తగ్గించుకుంటుంది, తక్కువైతే పెంచుకుంటుంది. కాబట్టి లోపలికి వచ్చింది 110 అయినా, 230 అయినా, ఊపు యాభై అయినా, అరవై అయినా దానికి లెక్కలేదు. అమెరికాలో రాసినదీ అదే, ఇండియాలో రాసినదీ అదే: "ఇన్‌పుట్ 100-240 వోల్టులు, 50/60". ఆ 1998 ప్రయాణంలో నా ల్యాప్‌టాపు ఛార్జరు మీద కూడా ఆ మాటే ఉంది. అదే గోడకి, అదే అడాప్టరుతో, అది రోజూ నిక్షేపంగా పనిచేసింది. అమ్మ నెబ్యులైజరుని నేను నమ్మడానికి కారణం అదే.

ఈ డబ్బా ఉపకారం మన రైళ్ళలో కూడా చూడొచ్చు. చాలా పెట్టెల్లో ఫోను ఛార్జింగు కన్నం పక్కన 110 వోల్టులని రాసి ఉంటుంది. రైలు పెట్టెల్లో దీపాల ఏర్పాటు 110 డి.సి. కావడమే దానికి మూలం. విజయవాడలో ఇంట్లో 230కి పెట్టిన ఛార్జరునే రైలెక్కి 110కి పెడతాం. అది కిక్కురుమనదు. దాని కొసన ఉన్న ఫోను కోరేదేమో అయిదు వోల్టుల డి.సి., ఓడిపోయిన ఎడిసన్ జాతిది.

గోడ వైపు గొడవ తీరాక ఫోను వైపు గొడవ మొదలైంది. ఒక్కో కంపెనీకి ఒక్కో పిన్ను. మీ ఇంట్లోనూ ఒక సొరుగు ఉండే ఉంటుంది, ఏ ఫోనుదో తెలియని వైర్లతో. కంప్యూటర్ల కోసం 1996లో యు.ఎస్.బి. వచ్చింది. దాన్ని తయారుచేసిన ఇంటెల్ బృందంలో ముఖ్యుడు మన దేశం నుంచి వచ్చిన అజయ్ భట్. 2009లో ఐరోపాలో ఫోను కంపెనీలు స్వచ్ఛందంగా ఒకే పిన్ను పెడతామని ఒప్పుకున్నాయి, పూర్తిగా జరగలేదు. 2022లో ఐరోపా సమాజం చట్టమే చేసింది. 2024 డిసెంబరు 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోనులన్నిటికీ యు.ఎస్.బి.-సి తప్పనిసరి. ఈలోగా 2023లో ఐఫోను కూడా దారికి వచ్చింది. మన భారతీయ ప్రమాణాల సంస్థ కూడా అదే ఏడు ఆ పిన్నుకి ప్రమాణం ప్రకటించింది.

విమానాల్లో మాత్రం ఛార్జింగు వేరే రకం తలనొప్పి అయింది. 2014 జులైలో కొన్ని విదేశీ విమానాశ్రయాల నుంచి అమెరికా వచ్చేవాళ్ళని ఫోను వెలిగించి చూపమన్నారు, వెలగకపోతే విమానంలోకి తీసుకెళ్ళడానికి వీల్లేదన్నారు. 2017 మార్చిలో దుబాయ్, అబుదాబి, దోహాతో కలిపి పది విమానాశ్రయాల నుంచి వచ్చేవాళ్ళ ల్యాప్‌టాపులు పెట్టెల్లో వేసెయ్యమన్నారు. హైదరాబాదు నుంచి అటుగా వచ్చినవాళ్ళు ఆ కొన్ని నెలలూ మరిచిపోయి ఉండరు. జులైకల్లా ఎత్తేశారు. లిథియం బ్యాటరీ విషయంలో మామూలు నియమం దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది: పవర్‌బ్యాంకు సామాను పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచీలోనే ఉండాలి. పైన మంట రేగితే చూసేవాడుంటాడు, కింద ఉండడు. 100 వాట్-గంటలు మామూలు హద్దు. పవర్‌బ్యాంకు భాషలో చెప్పాలంటే సుమారు 27,000 ఎం.ఎ.హెచ్.

ఇంత చరిత్ర గడిచినా వేడి పుట్టించేవీ, మోటారు తిప్పేవీ చాలావరకు పాత కులాచారమే పాటిస్తున్నాయి. జుట్టు ఆరబెట్టుకునే యంత్రం, అన్నం కుక్కరు, మిక్సీ, ఇస్త్రీపెట్టె. 120కి చేసినదాన్ని 230కి పెడితే దాదాపు నాలుగింతలు వేడి. అడాప్టరు కన్నాన్ని కలుపుతుంది, అంతకు మించి దానికేమీ తెలియదు. అమ్మానాన్నల కోసం మందుల యంత్రాలు మోసుకెళ్ళేవాళ్ళకి ఈ ఒక్క ముక్క నేను ఎక్కడ కనిపించినా చెబుతుంటాను. విసుక్కుంటే విసుక్కున్నారు.

నిరుడు సంక్రాంతికి వెళ్ళాను. నాన్నగారు లేరిప్పుడు. అమ్మకి ఎనభై మూడు. కొత్త నెబ్యులైజరు తెనాలిలోనే, మెయిన్ రోడ్డు మీద మందుల కొట్లో కొన్నాను. పాతది అటక మీద అలాగే ఉంది, తువ్వాలు చుట్టి. పారెయ్యమంటే వినదు, "అమెరికాది" అంటుంది. ఆ రాత్రి కొత్తదానికి మందు పోసి, ప్లగ్గు గోడ దాకా తీసుకెళ్ళాను. వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

"రాసింది చదివావా నాన్నా?"

కళ్ళజోడు తెచ్చుకుని, యంత్రం వెనక్కి తిప్పి, పైకే చదివాను. అప్పుడు మూతి తొడుగు అందుకుంది.